ఇంట్లోనే కారు బాగుచేసుకునేవారికి: స్పార్క్ ప్లగ్గులు, స్కానర్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పెట్రోలు కారు ఉండి, సెలవు రోజున బానెట్ ఎత్తి చిన్నాచితకా పనులు తామే చేసుకోవాలని ఉబలాటపడేవారి కోసం ఈ పేజీ. స్పార్క్ ప్లగ్గు అంటే సిలిండర్‌లో పెట్రోలును అంటించే నిప్పురవ్వ పుట్టించేది. స్కానర్ అంటే కారు కంప్యూటర్ దాచుకున్న లోపాల గుర్తుల్ని, అంటే కోడ్‌లను, చదివే పరికరం. కారు కాస్త మొరాయించగానే ఖరీదైన ప్లగ్గులు కొనేయడం, లేదా స్కానర్ చూపిన కోడ్ పట్టుకుని దుకాణానికి పరుగెత్తడం చాలామందికి అలవాటు. ముందు జబ్బు తేల్చుకుని, ఆ తరువాతే జేబులో చెయ్యి పెట్టాలన్నది ఇక్కడి జవాబులన్నింటి వరస.

ప్లగ్గులు మార్చాల్సిన సమయం వచ్చిందని ఎలా తెలుస్తుంది?

నమ్మదగిన లెక్క కిలోమీటర్లదే. మామూలు నికెల్ ప్లగ్గులు 30 నుంచి 40 వేల కిలోమీటర్లు, ఇరిడియం ప్లగ్గులు దాదాపు లక్ష కిలోమీటర్లు పనిచేస్తాయి. మీ కారుకు కచ్చితమైన అంకె కారుతో ఇచ్చిన పుస్తకంలో సర్వీసు పట్టికలో ఉంటుంది.

లక్షణాలను బట్టి చెప్పాలంటే, ఉదయం సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజన్ ఆలస్యంగా అందుకుంటుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వణుకుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఉండుండి ఒక్క కుదుపు ఇస్తుంది. దీన్నే మెకానిక్కులు 'మిస్సింగ్' అంటారు. అయితే ఇవే లక్షణాలు కాయిల్ (ప్లగ్గుకు అధిక వోల్టేజీ ఇచ్చేది) చెడినా, ఇంజెక్టర్ (పెట్రోలు చిమ్మేది) మూసుకుపోయినా, గాలి గొట్టం చిట్లినా కనిపిస్తాయి. కాబట్టి మిస్సింగ్ వచ్చినంత మాత్రాన దోషం ప్లగ్గుదేనని అనుకోకండి.

ఇంకో సంగతి. మిస్సింగ్ వాటర్ వాష్ చేయించిన మర్నాడే మొదలైతే ముందు ప్లగ్గు కూర్చునే లోతైన గుంతలో నీళ్లు నిలిచాయేమో చూడండి. కారు రెండు మూడు వారాలు కదలకుండా నిలబడి ఉంటే ఎలుకలు వైర్లు కొరికాయేమో చూడండి. ఈ రెండింటికీ కొత్త ప్లగ్గులు మందు కాదు.

నా కారుకు ఏ ప్లగ్గు కొనాలి?

కారు తయారీదారు పుస్తకంలో రాసిన నంబరుదే. ఈ ఒక్క మాటతో జవాబు అయిపోవాలి. కానీ దుకాణంలో 'అది లేదు, ఇది కూడా సరిపోతుంది' అంటారు గనుక నంబరులో ఏముందో తెలిసి ఉండడం మంచిది.

ఎన్‌జీకే వారి బీపీఆర్6ఈఎస్ అనే పాత, బాగా వాడుకలో ఉన్న ప్లగ్గునే తీసుకుందాం. మొదటి బీ అంటే మర వ్యాసం 14 మిల్లీమీటర్లు. పీ అంటే లోపలి పింగాణీ మొన కాస్త బయటికి పొడుచుకుని ఉంటుంది. ఆర్ అంటే రేడియోలో గరగర రాకుండా లోపల రెసిస్టర్ ఉంది. 6 అంటే హీట్ రేంజ్, దాని సంగతి కింద వస్తుంది. ఈ అంటే మర పొడవు 19 మిల్లీమీటర్లు. చివరి ఎస్ మధ్య ఎలక్ట్రోడ్ (నిప్పురవ్వ దూకే లోహపు మొన) రకాన్ని చెబుతుంది. నంబరు తరువాత 11 అని ఉంటే గ్యాప్, అంటే మధ్య ఎలక్ట్రోడ్‌కూ బయటిదానికీ నడుమ ఎడం, 1.1 మిల్లీమీటర్లని అర్థం.

వీటిలో ఇంజన్ ప్రాణానికి నేరుగా సంబంధించింది మర పొడవు. పొట్టి ప్లగ్గు పెడితే నిప్పురవ్వ మర రంధ్రంలోనే పుట్టి పెట్రోలు సరిగా అంటుకోదు, కింది మరల్లో మసి పేరుకుంటుంది. పొడుగు ప్లగ్గు పెడితే పిస్టన్ వచ్చి దాన్ని కొడుతుంది. పాత ప్లగ్గునూ కొత్తదాన్నీ పక్కపక్కన నిలబెట్టి మరల పొడవు కళ్లతో సరిచూసుకున్న తరువాతే డబ్బు చెల్లించండి.

ఎన్ని కొనాలన్నది కూడా లెక్కించుకోండి. నాలుగు సిలిండర్లంటే నాలుగు ప్లగ్గులే అనుకుంటారు. 2003 ప్రాంతంలో వచ్చిన హోండా సిటీ ఐ-డీఎస్ఐ ఇంజనుకు సిలిండరుకు రెండు చొప్పున ఎనిమిది ఉండేవి. మారుతి 800కు మూడే.

వేరే కంపెనీ ప్లగ్గు వేయవచ్చా? నంబరు ఎలా పోల్చుకోవాలి?

వేయవచ్చు. కానీ అంకెల్ని ముఖవిలువకు తీసుకుంటే దెబ్బ తింటారు. ఎన్‌జీకే, డెన్సో కంపెనీలకు అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు 'చల్లనిది'. బాష్, చాంపియన్ కంపెనీలకు సరిగ్గా తలకిందులు, అంకె పెరిగేకొద్దీ 'వేడిది'. పైన చెప్పిన బీపీఆర్6ఈఎస్‌కు బాష్‌లో డబ్ల్యూఆర్7డీసీ, డెన్సోలో డబ్ల్యూ20ఈపీఆర్-యూ సమానం. అంటే ఒకరి 6, ఇంకొకరి 7, మరొకరి 20 ఒకటే. అంకె చూసి 'దాదాపు అదే కదా' అనుకునే వీలు లేదు. ఆ కంపెనీ ఇచ్చే పోలిక పట్టికలో మీ కారు మోడల్, సంవత్సరం, ఇంజన్ పేరు వెతికి చూడాలి.

పాతతరం వాళ్లు ఇప్పటికీ 'మైకో ప్లగ్గు' అని అడుగుతారు. మైకో అంటే బెంగళూరులో 1951లో మొదలైన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ. 2008లో అది బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకుంది. కాబట్టి దుకాణదారు బాష్ డబ్బా ఇస్తే వేరే సరుకు అంటగట్టాడని అనుమానించనక్కర్లేదు. ఎన్‌జీకే మాతృసంస్థ కూడా 2023లో నిటెరాగా మారింది. ప్లగ్గుల మీద మాత్రం ఎన్‌జీకే పేరే ఉంటుంది.

ఈ 'వేడి', 'చల్లని' ప్లగ్గుల గొడవ ఏమిటి?

నిప్పురవ్వ వేడికీ దీనికీ సంబంధం లేదు. ప్లగ్గు మొన తన మీద పడ్డ వేడిని ఎంత త్వరగా సిలిండర్ హెడ్‌కు వదిలించుకుంటుందన్నదే హీట్ రేంజ్. పింగాణీ మొన పొడవుగా ఉంటే వేడి నెమ్మదిగా దిగుతుంది, అది వేడి ప్లగ్గు. పొట్టిగా ఉంటే త్వరగా దిగుతుంది, అది చల్లని ప్లగ్గు.

మొన సుమారు 500 డిగ్రీల సెల్సియస్ చేరితేనే దాని మీది మసి దానంతటదే కాలిపోతుంది. 850 దాటిపోతే ఆ మొనే నిప్పుకణికలా మారి, నిప్పురవ్వ రాకముందే పెట్రోలును అంటించేస్తుంది. అప్పుడు పిస్టనుకు చిల్లు పడే ప్రమాదం ఉంది. ఈ రెండు అంకెల మధ్య ఉండేలా ఇంజన్ తయారుచేసినవారు ప్లగ్గును ఎంచి ఉంచారు. 'మన ఎండలు ఎక్కువ కదా, ఒక మెట్టు చల్లనిది వేద్దాం' అనేవారు ఉన్నారు. బయట 30 అయినా, రామగుండం ఎండలో 46 అయినా, ఇంజన్ లోపలి మంటకు అది లెక్కలోకి రాదు. ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం (కూలెంట్) ఉష్ణోగ్రతను థర్మోస్టాట్ అనే కవాటం చూసుకుంటుంది. ఊరికే చల్లని ప్లగ్గు వేస్తే ఊళ్లో తక్కువ దూరాలు తిరిగే కారుకు మసి పట్టడమే మిగులుతుంది.

ఇరిడియం వేస్తే మైలేజీ పెరుగుతుందా?

పెరగదు. అరిగిపోయిన ప్లగ్గు తీసి కొత్తది వేస్తే పోయిన మైలేజీ తిరిగి వస్తుంది, అంతే. ఆ కొత్తది నికెల్ అయినా ఇరిడియం అయినా ఆ లాభం వస్తుంది. ఇరిడియం వేయించుకున్నవారు 'లీటరుకు రెండు కిలోమీటర్లు పెరిగింది' అని చెప్పేది ఎక్కువగా ఈ కారణం చేతే.

ఇరిడియం అసలు గుణం ఆయుష్షు. నికెల్ 1,455 డిగ్రీల దగ్గర, ప్లాటినం 1,768 డిగ్రీల దగ్గర కరిగితే, ఇరిడియం కరగడానికి 2,446 డిగ్రీలు కావాలి. అంత గట్టిది కాబట్టే మొనను 0.4 నుంచి 0.6 మిల్లీమీటర్ల సన్నని తీగలా చేయగలుగుతున్నారు. నికెల్ మొన దాదాపు 2.5 మిల్లీమీటర్లు ఉంటుంది. సన్నని మొన నుంచి నిప్పురవ్వ తక్కువ వోల్టేజీకే దూకుతుంది, కాయిల్ మీద భారం తగ్గుతుంది.

దుకాణాల్లో 'కాపర్ ప్లగ్గు' అనేదాని మొన రాగిది కాదు, నికెల్ మిశ్రమానిది. రాగి లోపల, వేడిని లాగే కడ్డీగా ఉంటుంది. ఇరిడియం ప్లగ్గుల్లోనూ అదే రాగి ఉంటుంది. కాబట్టి 'రాగి వేడిని బాగా లాగుతుంది, అదే మేలు' అన్న వాదన పట్టించుకోకండి.

నా సలహా ఇది. కారు కంపెనీ ఇరిడియం ఇచ్చి ఉంటే ఇరిడియమే వేయండి. ముఖ్యంగా ప్లగ్గు తీయాలంటే పైన ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి పంపే గొట్టాల కూర్పు) విప్పాల్సిన ఇంజన్లలో, ఆ శ్రమ మాటిమాటికీ పడడం దండగ. కంపెనీ నికెల్ ఇచ్చి, నాలుగు ప్లగ్గులూ అరగంటలో తీసిపెట్టగల ఇంజనైతే నికెల్ చాలు. నికెల్ ప్లగ్గు వంద, రెండు వందల రూపాయల్లో వస్తుంది, ఇరిడియం దానికి నాలుగైదు రెట్లు. ఒకే కాయిల్ రెండు ప్లగ్గులకు కరెంటు ఇచ్చే పాత పద్ధతి కార్లలో ఒక ప్లగ్గుకు కరెంటు ఎదురు దిశలో పారి, బయటి ఎలక్ట్రోడ్ కూడా అరుగుతుంది. అటువంటి వాటికి రెండు వైపులా ప్లాటినం ఉన్నవి ఇస్తారు. వాటి స్థానంలో ఒకవైపే ఉన్నవి వేయకూడదు.

గ్యాప్ నేనే సరిచేయాలా?

నికెల్ అయితే కొలిచి, తేడా ఉంటే బయటి ఎలక్ట్రోడ్‌ను మాత్రమే మెల్లగా వంచండి. ఇరిడియం, ప్లాటినం అయితే సన్నని తీగ గేజ్‌తో కొలిచి చూడండి, అంతకుమించి వద్దు. నాణెం ఆకారపు గేజ్‌ను ఎలక్ట్రోడ్ల మధ్య దూర్చి తిప్పితే ఆ తీగ మొన విరిగిపోతుంది. గ్యాప్ తేడాగా ఉన్న ఇరిడియంను దుకాణానికి తిరిగి ఇచ్చేయడమే మేలు.

గ్యాప్ ఎక్కువైతే నిప్పురవ్వ పెద్దదవుతుందని నమ్మి కావాలని పెంచేవారికి కాయిల్ ఖర్చు తప్పదు. గ్యాప్ పెరిగిన కొద్దీ ఎక్కువ వోల్టేజీ కావాలి, ఆ భారం మోసేది కాయిలే.

నకిలీ ప్లగ్గుల్ని ఎలా పట్టుకోవాలి?

విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పేరున్న డీలర్లున్నారు. అక్కడే అసలు డబ్బాను పోలిన డబ్బాలూ దొరుకుతాయి. ధర సగానికి సగం ఉంటే అనుమానించండి. పింగాణీ మీది అక్షరాలు వేలితో రుద్దితే చెరిగిపోవడం, షట్కోణం మీద ముద్ర వంకరగా ఉండడం, బయటి ఎలక్ట్రోడ్ మధ్యదానికి సరిగ్గా ఎదురుగా లేకపోవడం, వాషర్ వదులుగా జారిపోవడం చెడ్డ గుర్తులు. రెసిస్టర్ ప్లగ్గైతే మల్టీమీటర్‌ను పైకొనకూ మధ్య ఎలక్ట్రోడ్‌కూ పెట్టి చూడండి. దాదాపు 5 వేల ఓమ్‌ల చుట్టుపక్కల రావాలి. సున్నా చూపితే లోపల రెసిస్టర్ లేదు, అనంతం చూపితే లోపల తెగిపోయింది.

కిందపడిన ప్లగ్గును వాడకండి. పైకి ఏమీ కనిపించకపోయినా పింగాణీ లోపల చిట్లి ఉంటే కరెంటు పక్కదారి పడుతుంది.

మార్చడానికి ఏ పనిముట్లు కావాలి? ఎలా తీయాలి?

ప్లగ్గు సాకెట్ (చాలా కార్లకు 16 మిల్లీమీటర్లు, కొన్ని కొత్తవాటికి పలుచని గోడ ఉన్న 14 మిల్లీమీటర్లు), పొడవాటి ఎక్స్‌టెన్షన్, రాచెట్, కాయిల్ బోల్టుకు 10 నంబరు సాకెట్, వీలైతే టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో చెప్పేది). సాకెట్ లోపల రబ్బరో అయస్కాంతమో ఉన్నది కొనండి, లేకపోతే ప్లగ్గు గుంతలోంచి పైకి రాదు.

ఇంజన్ పూర్తిగా చల్లబడాలి. అల్యూమినియం హెడ్ వేడిగా ఉండగా విప్పితే మరలు ఊడివస్తాయి. కాయిల్ కనెక్టర్‌కు ఉన్న ప్లాస్టిక్ గడియ పాతబడి పెళుసుగా ఉంటుంది. దాన్ని నొక్కి, వైరు పట్టుకోకుండా కనెక్టర్ పట్టుకుని లాగండి. కాయిల్ బోల్టు విప్పాక కాయిల్‌ను ఇటూ అటూ కొంచెం తిప్పితే రబ్బరు వదులుతుంది. ప్లగ్గు విప్పడానికి ముందు గుంతలోకి గాలి ఊదండి. ఈ మెట్టు దాటవేస్తే అక్కడ పేరుకున్న ఇసుక, ఆకుల పొడి నేరుగా సిలిండర్‌లోకి దిగుతాయి. గుంతలో ఇంజనాయిల్ కనిపిస్తే వాల్వ్ కవర్ గాస్కెట్ లేదా గొట్టం సీలు పోయిందని అర్థం. ముందు దాన్ని మార్చకుండా కొత్త కాయిల్, కొత్త ప్లగ్గు వేసినా కొద్ది రోజుల్లో అవీ నూనెలో నానుతాయి.

ఒక్కో సిలిండర్ చొప్పున చేయండి. తీసిన ప్లగ్గుల్ని 1, 2, 3, 4 అని రాసిన అట్టముక్క మీద వరసగా పెట్టండి. ఎందుకో కింద తెలుస్తుంది.

బిగించేటప్పుడు రాచెట్ పక్కన పెట్టి, సాకెట్, ఎక్స్‌టెన్షన్ చేతిలో పట్టుకుని వేళ్లతోనే తిప్పాలి. మొదటి రెండు మూడు చుట్లు తేలిగ్గా దిగాలి. బిగువుగా అనిపిస్తే ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టండి. అడ్డమర ఎక్కితే, అంటే మర వంకరగా దిగితే, హెడ్ చెడుతుంది.

ఎంత గట్టిగా బిగించాలి?

అల్యూమినియం హెడ్‌లో 14 మిల్లీమీటర్ల మరకు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12కు 15 నుంచి 20, 10కి 10 నుంచి 12. మీ కారు పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే ప్రమాణం. టార్క్ రెంచి లేకపోతే, వాషర్ ఉన్న 14 మిల్లీమీటర్ల కొత్త ప్లగ్గును వేళ్లతో ఆగేవరకు తిప్పి, అక్కడి నుంచి అర చుట్టు లేదా మూడింట రెండు వంతుల చుట్టు తిప్పండి. వాషర్ నలుగుతున్నట్లు చేతికి తెలుస్తుంది. వాషర్ లేని, కూర్చునే చోటు శంకువు ఆకారంలో ఉండే ప్లగ్గుకు పదహారో వంతు చుట్టు చాలు.

మరలకు గ్రీజు, యాంటీ సీజ్ (మర బిగుసుకుపోకుండా రాసే ముద్ద) పూయవద్దని తయారీదారులే చెబుతున్నారు. జారుడు వల్ల అదే టార్క్‌కు మర ఎక్కువ బిగుస్తుంది. లోహపు పూత ముందే ఉంటుంది కాబట్టి తుప్పు భయం లేదు. డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వనిది) మాట వేరు. దాన్ని కాయిల్ రబ్బరు లోపలి అంచుకు కాస్త రాస్తే తరువాత సులువుగా ఊడుతుంది.

తీసిన ప్లగ్గు చూసి ఇంజన్ సంగతి చెప్పవచ్చా?

చాలావరకు చెప్పవచ్చు. అట్టముక్క మీద వరసగా పెట్టమన్నది ఇందుకే. లేత గోధుమ లేదా బూడిద రంగు ఉంటే అంతా సవ్యం. పొడిగా నల్లని మసి అంటే పెట్రోలు ఎక్కువ పోతోంది, లేదా కారు ఎప్పుడూ రెండు కిలోమీటర్లే తిరుగుతోంది. జిడ్డుగా నల్లగా ఉంటే సిలిండర్‌లోకి ఇంజనాయిల్ వస్తోంది. తెల్లగా, బొబ్బలెక్కినట్లు ఉంటే వేడి ఎక్కువైంది.

నాలుగూ ఒకేలా నల్లగా ఉంటే ఇంజనంతటికీ చెందిన దోషం వెతకాలి: ఎయిర్ ఫిల్టర్, ఆక్సిజన్ సెన్సర్ వంటివి. మూడు బాగుండి ఒకటే తేడాగా ఉంటే ఆ ఒక్క సిలిండర్‌కు చెందిన కాయిల్, ఇంజెక్టర్, వాల్వ్, రింగులు చూడాలి. ఈ తేడా చూడడానికి స్కానర్ అక్కర్లేదు, అట్టముక్క చాలు.

తెల్లని పింగాణీ మీద, లోహం మొదలయ్యే చోట గోధుమరంగు వలయం చూసి గ్యాస్ లీకవుతోందని కంగారుపడతారు. అది అధిక వోల్టేజీ చుట్టూ నూనె రేణువులు అంటుకోవడం వల్ల వచ్చిన మరక, ఏ హానీ లేదు. అదే పింగాణీ మీద పైనుంచి కిందికి పెన్సిల్‌తో గీసినట్లు సన్నని నల్లగీత ఉంటే మాత్రం కరెంటు బయటి నుంచి దూకుతోంది. ప్లగ్గుతోపాటు కాయిల్ రబ్బరు కూడా మార్చాలి.

సీఎన్‌జీ కారుకు వేరే ప్లగ్గులు కావాలా? డీజిల్‌కు?

సీఎన్‌జీ, గాలి మిశ్రమాన్ని అంటించడానికి పెట్రోలుకంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. అందుకే ప్లగ్గులు త్వరగా అరుగుతాయి, గ్యాప్ కూడా తక్కువ చెబుతారు. కంపెనీ అమర్చిన సీఎన్‌జీ కారుకు పుస్తకంలో వేరే నంబరు, వేరే గడువు ఉంటాయి. బయట కిట్ పెట్టించుకున్నవారు ప్లగ్గుల్ని ముందుగానే తనిఖీ చేసుకోవాలి. పెట్రోలు మీద బాగా నడిచి, గ్యాస్‌లోకి మార్చగానే మిస్సింగ్ వస్తే మొదట అనుమానించాల్సింది ప్లగ్గులు, కాయిళ్లనే.

డీజిల్ ఇంజన్లకు స్పార్క్ ప్లగ్గులే ఉండవు. వాటిలో ఉండేవి గ్లో ప్లగ్గులు, చలిలో స్టార్టయ్యేందుకు వేడి ఇస్తాయి.

20 శాతం ఇథనాల్ పెట్రోలు వల్ల మైలేజీ తగ్గింది. ప్లగ్గు మారిస్తే సరిపోతుందా?

సరిపోదు. లీటరు ఇథనాల్‌లో పెట్రోలుకంటే శక్తి దాదాపు మూడో వంతు తక్కువ. దాన్ని ఏ ప్లగ్గూ పూడ్చలేదు.

చెక్ ఇంజన్ లైటు వెలిగింది. వెంటనే ఆపాలా?

స్థిరంగా వెలుగుతూ, ఇంజన్ మామూలుగా నడుస్తూ, ఉష్ణోగ్రత సరిగా ఉంటే ఇంటికి చేరి తీరిగ్గా చూసుకోవచ్చు. లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం మిస్సింగ్ తీవ్రంగా ఉంది, మండని పెట్రోలు కెటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రపరిచే భాగం) లోకి పోయి అక్కడ మండుతోంది. యాక్సిలరేటర్ వదిలి, వీలైనంత త్వరగా పక్కన ఆపండి. కన్వర్టర్ ధరతో పోలిస్తే లాగించుకుపోయే బండికి ఇచ్చే డబ్బు చిల్లర. ఎర్రని నూనె గుర్తు వెలిగితే ఆలోచన వద్దు, అక్కడికక్కడే ఇంజన్ ఆపేయాలి.

ఏ స్కానర్ కొనాలి?

మీ అవసరాన్ని బట్టి మూడు తరగతులు.

మొదటిది ఫోనుకు బ్లూటూత్‌తో కలిసే చిన్న డబ్బా, ఈఎల్‌ఎం327 పేరుతో అయిదారు వందల రూపాయలకు అమ్ముతారు. అసలు చిప్ తయారుచేసింది కెనడాకు చెందిన ఈఎల్‌ఎం ఎలక్ట్రానిక్స్. ఆ కంపెనీ 2022లో మూతపడింది. బజారులో ఉన్నవి దాదాపు అన్నీ నకళ్లే. నకలైనా ఇంజన్ కోడ్ చదవడానికి, చెరపడానికి, ఉష్ణోగ్రతలు చూడడానికి చాలావాటికి సత్తా ఉంటుంది. కొన్నింటిలో కొన్ని ఆదేశాలు పనిచేయవు, మధ్యలో తెగిపోతుంటాయి. అందుకే తిరిగి ఇచ్చే వీలున్న చోట కొనండి. ఐఫోను ఉన్నవారు మామూలు బ్లూటూత్ డబ్బా కొని తలపట్టుకుంటారు. వారికి వైఫై లేదా బ్లూటూత్ ఎల్ఈ రకం కావాలి. ఆప్‌లలో టార్క్, కార్ స్కానర్ బాగా వాడుకలో ఉన్నాయి.

రెండోది చిన్న తెరతో చేతిలో పట్టుకునే కోడ్ రీడర్. ఫోనుతో గొడవ లేదు, బండిలో పడేసి ఉంచవచ్చు.

మూడోది ఏబీఎస్, ఎయిర్ బ్యాగ్, గేర్‌బాక్స్ వంటి అన్ని వ్యవస్థలనూ చదివే ఆటెల్, లాంచ్ వంటి కంపెనీల యంత్రాలు. ఇంట్లో ఒక్క కారు ఉన్నవారికి పెద్ద ట్యాబ్లెట్ రకం అనవసరం. ఆ డబ్బుకు మంచి టార్క్ రెంచి, సాకెట్ సెట్టు, జాక్ స్టాండ్లు వచ్చి ఇంకా మిగులుతుంది. ఏబీఎస్ లైటు సమస్య ఉన్నప్పుడు మాత్రం అయిదు వందల డబ్బా చేతులెత్తేస్తుంది. కొనే ముందు మీ కారు మోడల్‌కు ఏయే వ్యవస్థలు చదువుతుందో తయారీదారు జాబితాలో చూసుకోవాలి. రెండేళ్ల తరువాత సాఫ్ట్‌వేర్‌కు మళ్లీ డబ్బు కట్టాలా అన్నది కూడా అడగండి.

నా పాత కారుకు పనిచేస్తుందా?

స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. దాని ద్వారా అన్ని కార్లూ స్కానర్‌తో ఒకే తీరున మాట్లాడే పద్ధతిని ఓబీడీ2 అంటారు. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి అది తప్పనిసరి. మన దేశంలో బీఎస్4 కాలుష్య ప్రమాణాల కార్లకు 2010 ఏప్రిల్ నుంచి ఓబీడీ మొదటి దశ, 2013 ఏప్రిల్ నుంచి రెండో దశ వచ్చాయి. 2013 తరువాతి కారైతే నిశ్చింతగా కొనవచ్చు. అంతకుముందు కార్లలో సాకెట్ అదే ఆకారంలో ఉన్నా, లోపల కంపెనీ సొంత భాష మాట్లాడేవి ఉన్నాయి. వాటితో మామూలు స్కానర్ కలవదు. కొనకముందు అదే మోడల్ ఉన్నవారిని అడగండి.

కోడ్ వచ్చింది. ఇప్పుడు ఏ పార్టు మార్చాలి?

ఏదీ మార్చకండి, ఇంకా. కోడ్ అంటే కారు కంప్యూటర్‌కు ఏం కనిపించిందో చెప్పే మాట. 'సెన్సర్ కోడ్' వచ్చిందని సెన్సర్ మార్చేవారిలో ఎక్కువమందికి లైటు మళ్లీ వెలుగుతుంది. ఎందుకంటే సెన్సర్ నిజమే చెప్పింది, దోషం వేరేచోట ఉంది.

పి0300 అంటే ఒక్క సిలిండర్ అని కాకుండా అక్కడక్కడా మిస్సింగ్. పి0301 నుంచి పి0304 వరకు అంటే ఫలానా సిలిండర్‌లో. పి0171 అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. పి0420 అంటే కెటలిటిక్ కన్వర్టర్ పని తగ్గింది. అయితే సైలెన్సర్ గొట్టం లీకు, పాత మిస్సింగ్ లేవని తేల్చుకోకుండా కన్వర్టర్ కొనకండి. పి0135 అంటే ఆక్సిజన్ సెన్సర్ హీటర్ సర్క్యూట్, ముందు ఫ్యూజు చూడండి.

మిస్సింగ్ కోడ్‌కు రూపాయి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. పి0302 వచ్చిందనుకోండి. ఇంజన్ ఆపి, చల్లబడ్డాక రెండో సిలిండర్ కాయిల్‌ను మూడోదానికి, మూడోదాన్ని రెండోదానికి మార్చి పెట్టండి. ప్లగ్గులు కదపకండి. కోడ్ చెరిపి, మిస్సింగ్ వచ్చే తీరులోనే బండి నడపండి. కోడ్ పి0303గా మారితే దోషం కాయిల్‌తో పాటు నడిచి వెళ్లింది, కాయిల్ కొనండి. పి0302గానే ఉంటే ఇప్పుడు ప్లగ్గుల్ని అలాగే మార్చి చూడండి. అప్పటికీ కదలకపోతే వైరింగ్, ఇంజెక్టర్, కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) చూడాలి. ఒక్కో విడతకు ఒక్కటే మార్చాలి. కాయిల్, ప్లగ్గు రెండూ కలిపి మారిస్తే ఏది తప్పో ఎప్పటికీ తెలియదు.

ఒకటో సిలిండర్ ఏది అన్నది ముందే తేల్చుకోండి. చాలా కార్లలో టైమింగ్ చెయిన్ లేదా బెల్టు ఉన్న వైపు నుంచి లెక్క. కొన్ని ఫ్రెంచి ఇంజన్లలో మాత్రం గేర్‌బాక్స్ వైపు నుంచి.

కోడ్ చెరిపేస్తే చాలదా?

లైటు ఆరుతుంది, జబ్బు ఉంటుంది. పైగా కోడ్‌తోపాటు 'ఫ్రీజ్ ఫ్రేమ్' కూడా పోతుంది. లోపం వచ్చిన క్షణాన ఇంజన్ వేగం, ఉష్ణోగ్రత, భారం ఎంత ఉన్నాయో అందులో దాగి ఉంటాయి. చెరిపే ముందు దాన్ని ఫోటో తీసుకోండి. మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సివచ్చినా అదే పనికొస్తుంది.

అమెరికాలో ఉండేవారికి ఇంకో చిక్కు. కోడ్ చెరిపితే కారు తనను తాను పరీక్షించుకున్న గుర్తులు, అంటే రెడీనెస్ మానిటర్లు, కూడా చెరిగిపోతాయి. కాలిఫోర్నియా వంటి చోట్ల పొగ పరీక్షకు ముందురోజు చెరిపి వెళితే, లైటు ఆరి ఉన్నా తిప్పి పంపేస్తారు. అమెరికాలో చాలా చోట్ల ఆటోజోన్ వంటి విడిభాగాల దుకాణాల్లో కోడ్ ఉచితంగా చదివిపెడతారు, పనిముట్లు డిపాజిట్ మీద అరువిస్తారు. కాబట్టి కొనేముందు ఒకసారి అటు వెళ్లి రండి.

లైవ్ డేటాలో ఏం చూడాలి?

మొదట కూలెంట్ ఉష్ణోగ్రత. చాలా కార్లలో వేడెక్కాక 85 నుంచి 105 మధ్య నిలబడాలి. తరువాత ఫ్యూయల్ ట్రిమ్. ఇది కంప్యూటర్ తన లెక్కకు ఎంత పెట్రోలు కలుపుతోంది, ఎంత తగ్గిస్తోంది అన్న శాతం. దీర్ఘకాల ట్రిమ్ సున్నాకు అటూఇటూ పది లోపు ఉంటే భయం లేదు. ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నడుస్తున్నప్పుడు) బాగా పెరిగి, వేగం పెంచగానే తగ్గితే ఎక్కడో గాలి గొట్టం చిట్లి గాలి చొరబడుతోంది. ఐడిల్‌లో బాగుండి, హైవే వేగంలో పెరిగితే పెట్రోలు పంపు, ఫిల్టర్ల వైపు చూడండి. మిగతా అంకెలు అనుభవం వచ్చాక చూడవచ్చు.

స్కానర్, మల్టీమీటర్‌లలో ఒక్కటే కొనగలిగితే?

మల్టీమీటర్. మొరాయించే కార్లలో బ్యాటరీ, ఎర్తింగ్, ఫ్యూజు, తెగిన వైరు కథలే ఎక్కువ. రాత్రంతా నిలబడిన బ్యాటరీ 12.6 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. 12.2 చూపితే సగం ఖాళీ. ఇంజన్ నడుస్తుండగా సాధారణంగా 13.8 నుంచి 14.5 ఉంటుంది. కొన్ని కొత్త కార్లు అవసరాన్ని బట్టి ఇంతకన్నా తగ్గిస్తాయి. వోల్టేజీ పడిపోయిన కారు స్కానర్‌కు పొంతనలేని కోడ్‌లు గుట్టగా ఇస్తుంది. వాటిని ఒక్కొక్కటే వెంటాడేకంటే బ్యాటరీ ఛార్జి చేసి, చెరిపి మళ్లీ చూడడం తెలివి.

స్కానర్‌ను సాకెట్‌లోనే వదిలేయవచ్చా?

వద్దు. ఆ సాకెట్‌లో ఒక పిన్నుకు తాళం తీసేసినా కరెంటు వస్తూనే ఉంటుంది. వారం పది రోజులు కదలని కారు బ్యాటరీ దిగిపోతుంది. చవక డబ్బాల్లో పాస్‌వర్డ్ 1234 వంటిదే కనుక పక్కన నిలబడిన ఎవరైనా కలవగలరు.

ప్లగ్గు బిగుసుకుపోయింది, రావడం లేదు. ఏం చేయాలి?

బలం చూపకండి. గుంత శుభ్రం చేసి, చొచ్చుకుపోయే నూనె కాస్త పోసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు పావు చుట్టు విప్పి, మళ్లీ కొంచెం బిగించి, మళ్లీ విప్పుతూ రావాలి. కరకరమంటే ఇంకాస్త నూనె వేసి ఆగండి. పింగాణీ విరిగి లోహం లోపలే ఉండిపోయినా, ప్లగ్గుతోపాటు అల్యూమినియం మరలు చుట్టుకుని వచ్చినా అక్కడితో మీ పని ఆపి, ఇంజన్ తిప్పకుండా కారును షెడ్డుకు లాగించండి. పాడైన మరను పెద్దదిగా కోసి హెలీకాయిల్ అనే ఉక్కు చుట్టను కూర్చి కొత్త మర చేస్తారు. ఆ కోతలో రాలే లోహపు పొడి సిలిండర్‌లో పడకుండా చూడగలవారే ఆ పని చేయాలి. చెయ్యి తిరిగినవాడైతే హెడ్ విప్పకుండానే చేస్తాడు. ధర మాట్లాడుకునే ముందు ఆ సంగతి అడగండి.